ఇంగ్లండ్ పల్లెల్లో నడక: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

శనాదివారాల్లో ఇక్కడి తెలుగు కుటుంబాలను ఇంగ్లండ్ పల్లెలు, కొండల వైపు నడకకు తీసుకెళ్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళ సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటి వల్లే చాలామంది లండన్, స్టోన్‌హెంజ్ రాతి వలయం చూసేసి ఇక అయిపోయిందనుకుంటారు. నాకు బాధనిపించేది అదే.

అపోహ: గేటు వేసి ఉందంటే లోపలికి వెళ్ళకూడదు.

వాస్తవం: చాలాచోట్ల ఆ గేటు గొర్రెలు, ఆవులు బయటికి పోకుండా వేసింది. స్తంభం మీద పసుపు బాణం ఉందేమో చూడండి. ఉంటే అది పబ్లిక్ ఫుట్‌పాత్. మనకు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కది. ఇక్కడ మాత్రం పొలాల మధ్య నుంచి పోయే కాలిబాట. భూమి రైతుదే, ఆ బాటన నడిచే హక్కు అందరిదీ. నీలం బాణమైతే గుర్రాలు, సైకిళ్ళు కూడా వెళ్ళొచ్చు. ఇలాంటి దారులన్నీ కలిపితే ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,25,000 కిలోమీటర్లు. గేటు తీశాక మళ్ళీ వేయడం మర్చిపోకండి.

అపోహ: నేషనల్ పార్క్ అంటే ప్రభుత్వ భూమి, ఎటైనా తిరగొచ్చు.

వాస్తవం: అందులో ఎక్కువ భాగం ప్రైవేటు భూమే. బాట వదిలి తిరిగే హక్కును 2000 నాటి చట్టం ఇచ్చింది, అదీ ఇంగ్లండ్‌లో దాదాపు 8 శాతం నేలకే. ఆ మాత్రం హక్కు వెనకా పెద్ద పోరాటం ఉంది. 1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోని కిండర్ స్కౌట్ మీదికి, ఎవరినీ రానివ్వని ప్రైవేటు భూమని తెలిసీ, వందలమంది కావాలనే నడిచి వెళ్ళారు. కొందరు జైలుకు కూడా వెళ్ళారు. ఆ కొండ ఎక్కిన ప్రతిసారీ వాళ్ళు గుర్తొస్తారు.

అపోహ: అఫింగ్టన్ తెల్లగుర్రం ఒకసారి చెక్కి వదిలేసిన బొమ్మ.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్‌షైర్ కొండవాలు మీద 110 మీటర్ల పొడవున్న ఈ గుర్రాన్ని తొమ్మిదో శతాబ్దపు ఆల్‌ఫ్రెడ్ రాజు విజయానికి గుర్తుగా వేశారని ఒకప్పుడు నమ్మేవారు. 1990లలో మట్టిని పరీక్షిస్తే సుమారు 3,000 ఏళ్ళ నాటిదని తేలింది. లోతుగా కందకాలు తవ్వి, వాటిలో సుద్ద నింపి దంచారు. కొన్నేళ్ళు పట్టించుకోకపోతే గడ్డి కమ్మేస్తుంది. అందుకే ఇప్పటికీ జనం వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తులతో కొత్త సుద్దను దంచుతారు. నేనూ ఒకసారి దంచాను. గడ్డ పగిలి, పిండై, తడికి ముద్దయి, కింది పొరతో కలిసిపోతుంది. ఎంతసేపు కూర్చున్నా అది గుర్రం కాలో మెడో తెలియలేదు, అంత దగ్గర నుంచి ఒక తెల్లటి బాట అంతే. గోళ్ళలో సుద్ద రెండు రోజులు పోలేదు. నా ముందు సుమారు వంద తరాలు చేసిన పని అది!

నార్‌ఫోక్ బ్రాడ్స్‌ను సహజమైన సరస్సులనుకుంటారు. నిజానికి మధ్యయుగాల్లో పొయ్యిలోకి పీట్ (మొక్కలు కుళ్ళి ఏర్పడిన, కాల్చడానికి పనికొచ్చే మట్టి) తవ్వుకున్న గుంతలు నీళ్ళతో నిండి అలా అయ్యాయి. ఇక రాళ్ళంటే స్టోన్‌హెంజ్ ఒక్కటే కాదు. విల్ట్‌షైర్‌లోనే ఉన్న ఏవ్‌బరీ బ్రిటన్‌లోకెల్లా పెద్ద రాతి వలయం, దాని లోపలే ఊళ్ళో కొంత భాగం ఉంది. రాళ్ళ మధ్య తిరగడానికి టికెట్ లేదు, చేత్తో తాకొచ్చు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు చూసినవాళ్ళు అక్కడ తప్పకుండా కాసేపు ఆగిపోతారు.

అపోహ: ఇక్కడి కొండలు చిన్నవి, స్పోర్ట్స్ షూస్ చాలు.

వాస్తవం: అన్నిటికన్నా ఎత్తయిన స్కాఫెల్ పైక్ 978 మీటర్లే, నిజమే. కానీ పొగమంచు కమ్మితే పది అడుగుల దూరంలో దారి కనిపించదు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. పేపర్ మ్యాప్, రెయిన్ జాకెట్, టార్చ్ బ్యాగులో ఉండాల్సిందే. దారి తప్పితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. బిల్లు ఎంతవుతుందో అన్న టెన్షన్‌తో ఒక కుటుంబం గంటసేపు చలిలో ఆగిపోవడం నేను చూశాను. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, ఒక్క పైసా తీసుకోరు.