చలిలో గేరు బిగుసుకుంటే: గేర్‌బాక్స్ ఆయిల్ గురించి అపోహలు – వాస్తవాలు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ ప్రాంతంలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. లంబసింగి, చింతపల్లి వైపు మన్యంలోనూ అంతే. ఆ రోజుల్లో మా వర్క్‌షాపులో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "పొద్దున్నే బండి తీస్తే సెకండ్ గేరు పడటం లేదు, కాస్త దూరం నడిచాక బాగానే ఉంటోంది." సమస్య ఏమిటో సగం ఆ మాటలోనే తెలిసిపోతుంది. అయినా అనవసరంగా గేర్‌బాక్స్ దింపించుకున్నవారు, ఎవరో చెప్పారని ఏదో ఒక ఆయిల్ పోయించుకుని లోపలి భాగాలను పాడుచేసుకున్నవారు ప్రతి చలికాలమూ కనిపిస్తూనే ఉన్నారు. వారికి జరిగిన నష్టం ఇంకొకరికి జరగకూడదన్న ఉద్దేశంతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: చలిలో గేరు గట్టిగా పడుతోందంటే గేర్‌బాక్స్ పాడైనట్టే.

మనం గేరు మార్చినప్పుడు లోపల ముందుగా కదిలేది సింక్రో రింగు. సాధారణంగా ఇత్తడితో చేసే ఈ రింగు, పడబోయే గేరుకున్న కోన్‌ను ఒరుసుకుని, రెండింటి వేగాలను సమానం చేస్తుంది. వేగాలు కలిసేదాకా, గేరును షాఫ్టుకు కలిపే స్లీవ్‌ను ముందుకు పోనివ్వకుండా అడ్డుకుంటుంది కూడా. ఆ ఒరిపిడి కలగాలంటే రింగుకూ కోన్‌కూ మధ్యనున్న ఆయిల్ పొర పక్కకు తప్పుకోవాలి. రింగు లోపలి వైపున్న సన్నని గాళ్ళు అందుకోసమే. చలికి ఆయిల్ పేరుకున్న నెయ్యిలా చిక్కబడితే ఆ పొర తొలగడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, అంతసేపూ గేర్ రాడ్ చేతికి ఎదురు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మినరల్ గేర్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే 40 డిగ్రీల దగ్గరే దాదాపు పదింతలు చిక్కగా ఉంటుంది. 5 డిగ్రీలకు దిగేసరికి ఆ చిక్కదనం ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అందువల్ల మొదటి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే బిగుసుకుని, తర్వాత మామూలుగా పడే గేరు జబ్బుపడిన గేరు కాదు. ఆ కాసేపు ఇంజన్‌ను ఎక్కువ రేజ్ చేయకుండా నడుపుతూ, గేరు మార్చేటప్పుడు రాడ్‌ను న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆపి, తొందరపడకుండా నెట్టితే సరిపోతుంది. బలవంతంగా గుంజితే రింగు త్వరగా అరుగుతుంది. బండి వేడెక్కిన తర్వాత కూడా గరగరమని శబ్దం వస్తున్నా, పడిన గేరు దానంతట అది జారిపోతున్నా అది వేరే సమస్య. ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

అపోహ: బిగువు ఎక్కడున్నా కారణం ఆయిలే.

ఆయిల్ మార్చే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపి, బండి కదలకుండా ఉన్నప్పుడు క్లచ్ తొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి. ఇంజన్ ఆపినప్పుడు హాయిగా పడుతూ, స్టార్ట్ చేయగానే, ముఖ్యంగా ఫస్ట్, రివర్స్ గేర్లు మొరాయిస్తున్నాయంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అనుమానించాలి. అప్పుడు చూడవలసినవి క్లచ్ ఫ్లూయిడ్ మట్టం, హైడ్రాలిక్ పైపులో చేరిన గాలి, కేబుల్ క్లచ్ అయితే దాని అడ్జస్ట్‌మెంటు. ఇంజన్ ఆపినా రాడ్ బిగువుగానే కదులుతోందంటే గేర్ కేబుళ్ళనూ, వాటి చివరి జాయింట్లనూ పరిశీలించాలి. వానాకాలంలో కేబుల్ తొడుగులోకి చేరిన నీరు, దుమ్ముతో గట్టిపడిన పాత గ్రీజు చలికాలంలోనే బయటపడతాయి. ఈ రెండు సందర్భాల్లోనూ గేర్‌బాక్స్‌లో ఎంత మంచి ఆయిల్ పోసినా ప్రయోజనం ఉండదు.

అపోహ: ఉదయం పది నిమిషాలు ఇంజన్‌ను ఆన్‌లో ఉంచితే గేర్‌బాక్స్ వేడెక్కుతుంది.

వేడెక్కేది ఇంజన్. మీటరు మీద కనిపించే ఉష్ణోగ్రత కూలెంటుది, గేర్ ఆయిల్‌ది కాదు. న్యూట్రల్‌లో కొన్ని గేర్లు తిరుగుతూ ఆయిల్‌ను కలియబెడతాయి గానీ, వాటి మీద బరువు పడదు కాబట్టి పుట్టే వేడి చాలా తక్కువ. బండిని నెమ్మదిగా నడపడమే గేర్‌బాక్స్‌ను వేడిచేసే సరైన పద్ధతి.

అపోహ: 90 నంబరు గేర్ ఆయిల్ మరీ చిక్కన, కాబట్టి చలికాలంలో ఇంజన్ ఆయిల్ పోయాలి.

ఇంజన్ ఆయిల్ నంబర్లకూ గేర్ ఆయిల్ నంబర్లకూ కొలమానాలు వేరు. 100 డిగ్రీల దగ్గర 90 గ్రేడు గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, 40 గ్రేడు ఇంజన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. అంటే రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. చలిలో తేడా చూపేది డబ్బా మీద డబ్ల్యూ (వింటర్, అంటే చలికాలం) ముందున్న అంకె; అది ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత పలుచగా ఉంటుంది. 80డబ్ల్యూ-90 స్థానంలో 75డబ్ల్యూ-90 వాడితే వేడిలో రక్షణ తగ్గదు, చలిలో మాత్రం గేరు స్పష్టంగా తేలికపడుతుంది. ఆ మార్పును మీ బండి మాన్యువల్ అనుమతిస్తే నిస్సందేహంగా చేయించుకోండి. ఈ సమస్యకు నేను ముందుగా సూచించే మందు ఇదే. కొన్ని హోండా కార్ల మాన్యువళ్ళు అసలు ఆయిల్ దొరకనప్పుడు తాత్కాలికంగా ఇంజన్ ఆయిల్ వాడవచ్చని చెప్పిన మాట నిజమే. అది ఆ గేర్‌బాక్సులకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే, అన్ని బళ్ళకూ వర్తించే అనుమతి కాదు.

అపోహ: గేర్ ఆయిల్ డబ్బా మీద ఉండే గ్రేడుల్లో జీఎల్-5 అనేది జీఎల్-4 కంటే పై తరగతి, ఎక్కడైనా అదే మేలు.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. జీఎల్-5 ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిగిన పదార్థాలు ఎక్కువ మోతాదులో ఉంటాయి. వెనక యాక్సిల్‌లోని హైపాయిడ్ గేర్ల పళ్ళు ఒకదానిపై ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతుంటాయి కనుక వాటికి ఆ రక్షణ తప్పనిసరి. సింక్రో రింగు సంగతి వేరు: దానికి కావలసింది జారుడు కాదు, ఒరిపిడి. జారుడు ఎక్కువైతే రింగు పట్టు తప్పుతుంది. పైగా కొన్ని జీఎల్-5 ఆయిళ్ళలోని గంధకం కాలక్రమంలో ఇత్తడిని తినేస్తుంది. బొలెరో వంటి వెనక చక్రాలతో నడిచే బళ్ళలో గేర్‌బాక్స్ ఒకటి, యాక్సిల్ ఇంకొకటి. రెండింటికీ ఒకే డబ్బాలోంచి పోయడం చాలా చోట్ల అలవాటైపోయింది. డబ్బా మీదున్న గ్రేడును మాన్యువల్‌తో పోల్చి చూసుకున్నాకే పోయనివ్వండి.

అపోహ: గేర్ ఆయిల్ జీవితాంతం ఉంటుంది.

ఇంజన్ ఆయిల్‌లా ఇది మసిబారదు, నిజమే. కానీ సింక్రో రింగులు, గేరు పళ్ళు అరిగిన పొడి ఎక్కడికీ పోదు, ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది. చాలా గేర్‌బాక్సుల్లో డ్రెయిన్ బోల్టు చివర అయస్కాంతం ఉంటుంది. బోల్టు విప్పగానే దాన్ని తుడిచేయనివ్వకుండా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద బూడిదరంగు ముద్ద పలుచగా అంటుకుని, వేళ్ళ మధ్య రుద్దితే మెత్తగా ఉంటే అది సహజమైన అరుగుదలే. గోటికి తగిలే ముక్కలు, విరిగిన గేరు పళ్ళ తునకలు ఉంటే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి, కారిన ఆయిల్‌ను ట్రేలో ఎండకు పట్టి చూడాలి. బంగారు రంగులో మెరుపులు బాగా తేలుతుంటే అవి రింగుల నుంచి వచ్చినవే. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం. వరద నీటిలోంచి నడిపిన బళ్ళకు గడువుతో పని లేకుండా వెంటనే మార్పించాలి. మామూలు బళ్ళకు మాన్యువల్‌లో చెప్పిన గడువే ప్రమాణం. ఘాట్ రోడ్లలో తిరిగేవి, బరువులు మోసేవి అయితే అందులోనే కఠిన పరిస్థితులకంటూ విడిగా ఇచ్చిన పట్టికను పాటించాలి.

అపోహ: కిరోసిన్‌తో కడిగి, కాస్త ఎక్కువ ఆయిల్ పోస్తే గేర్లు మెత్తబడతాయి.

కడిగిన కిరోసిన్ మొత్తం ఎప్పుడూ బయటకు రాదు. బేరింగుల్లో, మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఇక మట్టానికి మించి పోసిన ఆయిల్ నురగ కడుతుంది, వేడెక్కుతుంది, చివరికి సీళ్ళ గుండా కారుతుంది.

చాలా బళ్ళలో సరైన మట్టం తెలుసుకునే పద్ధతి తేలికైనదే. బండి సమతలంగా నిలబడి ఉండగా, పక్కనున్న ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి ఆయిల్ సన్నగా జారడం మొదలైతే చాలు, అక్కడితో ఆపాలి. జాక్ మీద ఒకవైపే ఎత్తి పోస్తే ఈ లెక్క తప్పుతుంది. డ్రెయిన్ బోల్టు విప్పే ముందే ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూడమని మీ మెకానిక్‌కు చెప్పండి. అది తుప్పుపట్టి రాకపోతే, ఉన్న ఆయిల్ అంతా కారిపోయిన గేర్‌బాక్స్‌తో బండి అక్కడే నిలిచిపోతుంది.