చెయ్యి జారిన కస్టమర్‌కి ప్రమాదం చెప్పాలా, ఊరుకోవాలా: సోలార్ పనిలో అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్ల మీద సోలార్ బిగించే పని మాది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి ఇక్కడ మిద్దెల మీద ప్యానెళ్లు పెరిగాయి, బిగించేవాళ్లూ పెరిగారు. మన దగ్గర కొటేషన్ తీసుకుని పని వేరేవాళ్లకు ఇచ్చిన ఇల్లు, ఆ పక్కింటికి సర్వీసుకు వెళ్లినప్పుడు కంట పడుతుంది. అందులో లోపం కనిపిస్తే ఏం చేయాలి? ఈ విషయంలో మా వాళ్లు గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కస్టమర్ పోయాడు, ఇక ఆ మిద్దెతో మనకేం పని.

వాస్తవం: 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ కరెంటు తయారవుతుంది. ఇన్వర్టర్ (ఆ డీసీని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) ఆపేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల దగ్గర ఆ వోల్టేజీ ఉంటుంది. ఇది ఇంట్లోవాళ్లకు తెలియదు, మనకు తెలుసు.

బైరాగిపట్టెడలో ఒక ఇంటి మీద నేను చూసింది చెప్తాను. డీసీ కేబుల్‌కి పైపు వేయలేదు. ప్లాస్టిక్ ట్యాగుతో ఇనుప ఫ్రేముకే బిగించి కట్టేశారు. గాలికి ఒరుసుకుని, ఫ్రేము అంచు దగ్గర పైతొడుగు తెగి లోపలి రాగి మెరుస్తోంది. ఫ్రేము నుంచి రావాల్సిన ఎర్తింగ్ వైరు సగంలోనే ఆగిపోయి ఉంది. ఆ ఫ్రేముకే తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. అక్టోబరు నుంచి మనకు వానలు. తడి మిద్దె మీద ఉత్త కాళ్లతో నిలబడి ఎవరైనా ఆ ఫ్రేము పట్టుకుంటే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు నోరు మూసుకుని కిందికి దిగి రావడం తప్పు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

అపోహ: తక్కువ రేటుకు చేశాడంటే నాసిరకం పనే, అదీ చెప్పాల్సిందే.

వాస్తవం: కాదు. ఆఫీసు అద్దె లేనివాడు, సొంతంగా స్ట్రక్చర్ (ప్యానెళ్లను నిలబెట్టే ఇనుప చట్రం) వెల్డింగ్ చేసుకునేవాడు నిజాయితీగానే తక్కువకు ఇవ్వగలడు. ప్యానెల్ కంపెనీ వేరు, స్ట్రక్చర్ ఎత్తు తక్కువ, సాయంత్రం ట్యాంకు నీడ పడుతుంది... ఇవి ప్రాణం మీదికి వచ్చే సంగతులు కావు. 3 కిలోవాట్లకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా రావాలి. రావట్లేదని ఇంటాయనే అడిగితే అప్పుడు నీడ సంగతి చెప్పండి. అడగకుండా చెబితే అది మన కడుపుమంటే.

అపోహ: ఎలా చెప్పినా పని పోయిన కుళ్లుతో చెప్పాడనే అనుకుంటారు.

వాస్తవం: అనుకోవచ్చు. కానీ సగం అనుమానం మనం చెప్పే తీరులోనే పుడుతుంది. "ఎవడు సార్ చేసింది ఇది?" అని మొదలుపెడితే మిగతాది ఆయన వినడు. నేను ఇలా చెప్తాను: "సార్, పక్కింట్లో పనికి వచ్చాను. మీ ప్యానెళ్ల కింద వైరు తెగి రాగి కనబడుతోంది. ఇక్కడి నుంచే ఫొటో తీశాను, చూడండి. ఫ్రేమును, వైర్లను ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లల్ని పైకి పంపొద్దు. బిగించినవాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. ఈ పథకంలో ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాల్సింది వాళ్లే."

"నీకు పని ఇవ్వలేదనేనా అన్నా?" అని ఆయన అడిగితే దాచొద్దు. "నేనూ కొటేషన్ ఇచ్చినవాణ్ణే సార్. అందుకే నా మాట ఒక్కటే నమ్మొద్దు, లైసెన్సు ఉన్న వేరే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి" అనండి. మన రేటు ఎత్తొద్దు, విజిటింగ్ కార్డు తీయొద్దు.

ఇంకో మాట. ఇన్వర్టర్ వాన రోజుల్లో ఐసొలేషన్ ఫాల్ట్ చూపించి, ఎండ కాస్తే మామూలుగా పనిచేస్తోందేమో ఆయన్నే అడగండి. చాలామంది "అదే సరైపోయింది" అని వదిలేస్తారు. ఎక్కడో కరెంటు నేలకు లీకవుతోందని మిషనే చెప్తోంది. తన ఇన్వర్టర్ తెర మీద తానే చూసినదాన్ని మన కుళ్లు అనలేడు కదా.

అపోహ: నిజమే చెప్తున్నాం, పేరు పెట్టి కాలనీ వాట్సాప్ గ్రూపులో వేస్తే పదిమందికి మేలు.

వాస్తవం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువు నష్టం గురించే. ఎదుటివాళ్ల మేలు కోరి మంచి మనసుతో చేసే హెచ్చరికకు అందులో మినహాయింపు ఉంది. ఇంటాయనకు విడిగా చెప్పిన మాట దానికి దగ్గరగా ఉంటుంది. పోటీదారు పేరు పెట్టి గ్రూపులో వేసిన ఫొటో అలా నిలబడటం కష్టం. బిగించినవాళ్లు పిలిచినా రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు ఇవ్వండి.

వీలైతే బిగించినవాళ్లకూ ఫోన్ చేయండి. ఈ ఊళ్లో అందరం దాదాపు ఒకే దుకాణాల్లో సామాను కొంటాం, నంబరు దొరకడం పెద్ద పని కాదు. చాలాసార్లు కుర్రాళ్లు హడావుడిగా చేసిన పని అది, వాళ్ల ఓనరుకే తెలిసి ఉండదు.

అపోహ: చెప్పాక మనమే సరిచేసి ఇస్తే ఇంకా మంచిది.

వాస్తవం: ఇంటాయన ఎంత బతిమాలినా, బిగించినవాళ్లతో మాట్లాడకుండా చెయ్యి పెట్టొద్దు. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, కనెక్టర్ లాగితే నిప్పులు వస్తాయి. పైగా వేరేవాళ్లు ముట్టుకున్నారని తెలిస్తే వారంటీకి పేచీ పెడతారు, ఆ నష్టం ఇంటాయనది. ఇన్వర్టర్ పక్కనున్న ఏసీ బ్రేకర్, ఆ తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే కరెంటును తెంచే స్విచ్) ఆయన చేతే ఆపించండి. అలా ఆపినా ప్యానెళ్ల వైపు వైర్లలో కరెంటు ఉంటుందని మళ్లీ గుర్తు చేసి, వాళ్లు వచ్చేదాకా మిద్దె తలుపుకు తాళం వేయించండి.