ఎత్తబడటం అంటే మాయమైపోవడమా?

"అయ్యగారూ, మనం ఎత్తబడే తేదీ వచ్చేసిందంట, వీడియోలో చెప్పారు. పిల్లాడి ఫీజు కట్టాలా, వద్దా?" పోయిన నెల ఒకాయన ఫోన్ చేసి అడిగాడు. గొంతు వణుకుతోంది. బైబిలు స్కూల్లో కొత్త నిబంధన పాఠాలు చెబుతూ ఇలాంటి తేదీలు ఎన్ని దాటేశానో! ఆ వీడియో చేసినాయన మటుకు తన పిల్లల ఫీజు కట్టే ఉంటాడు.

అపోహ: ఎత్తబడటం అంటే విశ్వాసులు ఉన్నట్టుండి ఆకాశంలోకి మాయమవుతారు, మిగిలినవాళ్ల గతి అంతే.

వాస్తవం: దీనికి చూపించే 1 థెస్సలొనీకయులు 4:17 ఓదార్పు మాట. క్రీ.శ. 50 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు. అక్కడివాళ్ల దిగులు తమ గురించి కాదు, చనిపోయిన తమవాళ్ల గురించి. ముందు లేచేది వాళ్లేనన్నాడు పౌలు. ఆ తర్వాత మనం మేఘాల మీద కొనిపోబడేది "ప్రభువును ఎదుర్కొనుటకు" అన్నాడు చూశారా, అక్కడ ఆగండి. గ్రీకులో అపాంతేసిస్. పెద్దవాళ్లు వస్తుంటే ఊరి బయటికెళ్లి తోడ్కొని రావడం. పెండ్లికుమారుడి కోసం కన్యకలు వెళ్లింది అందుకే (మత్తయి 25:6). రోమా సహోదరులు అప్పీయా సంతపేట దాకా వచ్చి పౌలును కలిసిందీ అలాగే (అపొ. కార్య. 28:15). కలిశాక దిక్కెటో పౌలు రాయలేదు, నిజమే. కానీ మనకు ఎదురుకోలు తెలియదా? మా అక్క పెళ్లికి మగపెళ్లివారి బస్సు కోసం అర్ధరాత్రి దాకా పొలిమేరలో పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని నిలబడ్డాం. బస్సు వచ్చింది, మేళంతో ఊళ్లోకి తెచ్చాం. ఎదురెళ్లినవాళ్లెవరూ ఆ బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోలేదు.

"మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని ఫిలిప్పీవాళ్లకు రాసినా అంతే. క్రీ.పూ. 42 యుద్ధం తర్వాత మాజీ సైనికులను కుదిర్చిన రోమా వలస పట్టణం అది. రోమా పౌరులమంటే రోముకు మూట కట్టడమని ఫిలిప్పీలో ఎవరూ అనుకోరు. ఉన్నచోటే రోమావాళ్లలా బతకడం. అదే వచనంలో "అక్కడనుండి" రక్షకుడు రావడం కోసం కనిపెట్టుకుని ఉన్నామంటాడు పౌలు.

ఇక ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా చెప్పిన 666. ఆధార్ కాదు, టీకా కాదు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హీబ్రూ అక్షరాల్లో లెక్కగడితే వచ్చే సంఖ్య. కొన్ని పాత ప్రతుల్లో దాని బదులు 616 ఉంది. ఆ మృగమే క్రీస్తు విరోధి అంటారు గానీ, "క్రీస్తు విరోధి" అన్న మాట ప్రకటన గ్రంథంలో లేనే లేదు, యోహాను పత్రికల్లో వెతకండి.

ఫోన్ చేసినాయనకు 2 థెస్సలొనీకయులు 3:10 (పని చేయనొల్లనివాడు తినకూడదు) చదివి వినిపించాను. పనులు మానుకున్నవాళ్లు అక్కడా ఉన్నారన్నాను. సాయంత్రానికి ఫీజు రశీదు ఫొటో పంపాడు, నాకెందుకో మరి.