ఎలుగుబంటికి మన అలికిడి వినబడాలి

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోనకు వెళ్తుంటే నిమ్మతోటలు దాటాక వెలిగొండలు ఎదురొస్తాయి. స్వామి దర్శనం చేసుకుని, అటునుంచి జలపాతం దాకా నడిచి రావాలని చాలామందికి ఉంటుంది. ఆ కొండలన్నీ పెనుశిల నరసింహ అభయారణ్యం. నెల్లూరు, కడప జిల్లాల మధ్య వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అడవి. చిరుతలు, ఎలుగుబంట్లు, కణుజులు, దుప్పులు తిరిగే చోటు.

అడవిలో నోరు మెదపకూడదు, అప్పుడే జంతువులు కనబడతాయి అంటారు. జీపులోనో, మంచె మీదో కూర్చున్నప్పుడు ఆ మాట నిజమే. కాలినడకన వెళ్లేవాళ్లకు మాత్రం అది ప్రమాదకరమైన సలహా. ఎలుగుబంటి బతికే తీరు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

మన ఎలుగు ముఖ్యంగా చెదపురుగులు, చీమలు, తేనె, పండ్ల మీద బతుకుతుంది. వేలెడు పొడవుండే గోళ్లతో పుట్టను తవ్వి, మట్టిని ఉఫ్‌మని ఊది, పురుగుల్ని లోపలికి పీల్చుకుంటుంది. దాని పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే పీల్చడం. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాల్ని మూసుకోగలదు కూడా. ఇంత హడావిడిగా తింటుంటే ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినబడుతుంది. మనకు దాని చప్పుడు వినబడుతుంది గానీ, ఆ రొదలో దానికి మన అడుగులు వినబడవు. చూపు అంతంతమాత్రం. వాసన మాత్రం అద్భుతంగా పడుతుంది, కానీ గాలి దాని వైపు నుంచి మన వైపు వీస్తుంటే ఆ ముక్కూ పనికిరాదు. అందుకే మనిషి చాలా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన క్షణంలో బెదిరిపోతుంది.

మరి పారిపోవచ్చు కదా? పులులు, చిరుతల మధ్య లక్షల ఏళ్లుగా బతుకుతూ వచ్చిన జంతువు అది. చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. పరుగులో పులిని మించలేదు. ఎదురుతిరిగిందే బతికింది. అందులోనూ ఈ తల్లి పిల్లల్ని కొన్ని నెలలపాటు వీపు మీద మోసుకు తిరుగుతుంది. మనల్ని తినడానికి అది మీదికి రాదు, టెన్షన్‌తో వస్తుంది. ఈ సంగతి తెలియకనే పాపం దానికి క్రూరమృగమని పేరు పెట్టేశాం.

కాబట్టి నడిచేటప్పుడు మన ఉనికి దానికి ముందే తెలియాలి. పశువులు మేపేవాళ్లు చేతికర్రతో రాళ్లు తట్టుకుంటూ, ఒకరికొకరు కేకేసుకుంటూ నడవడం ఇందుకే మంచి పద్ధతి. పాటలు పెట్టి ఊగిపోనక్కర్లేదు, మామూలు గొంతుతో కబుర్లు చాలు. దారి మలుపుల్లో, పొదల దగ్గర, రాతి గుహల పక్కన ఇంకాస్త గట్టిగా మాట్లాడాలి. జలపాతం దగ్గర మరీ జాగ్రత్త, నీటి హోరులో మన మాట మనకే వినబడదు. వేసవిలో తునికి, నేరేడు పండే చోట్లూ అంతే. కుక్కను మాత్రం వెంట తీసుకెళ్లొద్దు. అది ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి మన దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

దూరంగా కనబడితే అక్కడే ఆగి, అది పోయేదాకా చూడండి. ఎంత దూరం మంచిదో జంతువే చెబుతుంది. తింటున్నది తినడం ఆపి తలెత్తిందంటే మనం అప్పటికే దగ్గరికి వెళ్లిపోయామన్నమాట. సెల్ఫీ ఆలోచన అక్కడితో వదిలేసి, పరుగెత్తకుండా వెనక్కి అడుగులు వేయాలి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులతో మెడ వెనక, తల కప్పుకోవాలి. ఎలుగు గాయాలు ఎక్కువగా ముఖానికి, తలకే తగులుతాయి.

చిరుత సంగతి వేరు. అది మనకంటే ముందే మనల్ని చూసి తప్పుకుంటుంది. చాటుగా వేటాడే జంతువు గనక, తనను చూసేశారని తెలిస్తే వేట మానుకుంటుంది. కొండముచ్చులు, దుప్పులు దాన్ని చూడగానే అరవడంలో ఉన్న కిటుకు అదే. ఆ అరుపు వింటే పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, గుంపుగా నిలబడే ఉండాలి. చీకటి పడకముందే కొండ దిగాలి. కోతులకు తిండి పెట్టొద్దని వేరే చెప్పాలా? అయినా చెబుతున్నాను, పెట్టొద్దు. అలవాటైన కోతి అడగదు, లాక్కుంటుంది.

పాములకు మన కబుర్లకన్నా నేల అదురే బాగా తెలుస్తుంది, కర్ర చప్పుడు అక్కడ పనికొస్తుంది. చిన్న పింజర మాత్రం అదిరినా కదలదు. రాళ్ల మధ్య చుట్టుకుని, పొలుసులు రాపాడించి బుసలాంటి చప్పుడు చేస్తుంది. బూట్లు, టార్చి తప్పనిసరి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం వద్దు. కాలు కదలనీయకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే ఇంజెక్షన్ ఇస్తారు. కాబట్టి కరిచిన పామును వెతికి చంపి తీసుకెళ్లడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోనక్కర్లేదు.