ఒకే నంబరు, రెండు పొలాలు

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే నాకు ఏటా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ల్యాబులో ఫోర్క్ మీద, అంటే ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు) నకలు పుట్టించే పిలుపు మీద, చిన్న సి ప్రోగ్రాము రాయిస్తాను. నడుస్తున్న ప్రాసెస్ రెండవుతుంది. పిల్ల ప్రాసెస్ ఒక చలరాశి విలువను 5 నుంచి 7కు మారుస్తుంది. తల్లీ పిల్లా ఆ చలరాశి మెమరీ చిరునామానూ విలువనూ తలా ఒక వరుసలో తెర మీద వేస్తాయి. చిరునామాలో ఒక్క అంకె కూడా తేడా ఉండదు. విలువ మాత్రం ఒకదానిలో 5, రెండోదానిలో 7. "ఒకే చోట రెండు విలువలు ఎలా ఉంటాయి సార్?"

నేను సర్వే నంబరు సంగతి ఎత్తుతాను. మీ ఊళ్లో 112 సర్వే నంబరు ఉంది, పక్క ఊళ్లోనూ ఉంది. రెండూ ఒకే పొలమా? దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా మన్రో దొర ఇక్కడి పొలాలను కొలిపించి రెండు వందల ఏళ్లు దాటింది. రైతుబిడ్డలకు ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదు. ఊరి పేరు చేరితేనే నంబరుకు పొలం తెలుస్తుంది, ప్రాసెస్ తెలిస్తేనే చిరునామాకు చోటు తెలుస్తుంది. ఏ చిరునామా ర్యామ్‌లో ఎక్కడుందో, అక్కడ రాసే హక్కు ఉందో లేదో చెప్పే పేజీ టేబుల్ ప్రతి ప్రాసెస్‌కూ విడిగా ఉండే అడంగల్.

ఈ అడంగల్ మొదటి నుంచీ లేదు. 1962లో మాంచెస్టర్‌లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో టామ్ కిల్‌బర్న్ బృందం మెమరీని పేజీలనే సమాన ముక్కలుగా, ఒక్కోటి 512 పదాలు (యంత్రం ఒక్కసారిగా తీసుకునే బిట్ల గుంపులు) ఉండేలా విడగొట్టింది. చిన్న కోర్ మెమరీకీ సరుకు దాచే పెద్ద అయస్కాంత డ్రమ్ముకూ మధ్య సరుకు మోసే పనిని ప్రోగ్రామర్ల నెత్తి మీద నుంచి దించడం వాళ్ల ఉద్దేశం. ఎవరి మెమరీ వారిదే అన్న పట్టింపు తర్వాత బలపడింది.

అసలు పాఠం నా దృష్టిలో ఐబీఎం పెద్ద యంత్రాలది. 1974లో వచ్చిన ఎంవీఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి వాడుకరికీ విడిగా 16 మెగాబైట్ల చిరునామాలు ఇచ్చింది. అంతకు ముందు అందరూ ఒకే 16 మెగాబైట్లలో సర్దుకునేవారు. గోడలు లేచాక, ఒకరి మాట ఇంకొకరికి అందేదెలా? అందరికీ ఒకే చిరునామాల్లో కనిపించే ఉమ్మడి భాగం పెట్టారు. మన ఊళ్లలో చెరువు పోరంబోకును పట్టా పొలాలు కొరుక్కుతింటాయి. అక్కడ దానికి తిరగబడిన కథ నడిచింది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడల్లా ఉమ్మడిలో చోటు అడిగేది. ఉమ్మడి ఒక మెగాబైటు పెరిగితే ప్రతి వాడుకరి సొంత భాగంలోనూ ఒక మెగాబైటు తరిగేది. చిరునామాకు ఉన్నవి 24 బిట్లే కనుక పొలిమేర జరపడానికి వీల్లేదు. 1980ల మొదట్లో 31 బిట్లకు మారి, హద్దు 2 గిగాబైట్లకు పెరిగితే గానీ ఊపిరాడలేదు. అప్పటికే ఎన్నో ప్రోగ్రాములు 24 బిట్ల లెక్కతో రాసి ఉన్నాయి. వాటి కోసం 16 మెగాబైట్ల దగ్గరి పాత హద్దును చెరపకుండా ఉంచారు. ఇంజినీర్లు దాన్ని నేటికీ "గీత" అనే అంటారు.

పర్సనల్ కంప్యూటర్లకు ఈ గోడలు ఆలస్యంగా వచ్చాయి. విండోస్ 3.1లో ప్రోగ్రాములన్నీ ఒకే పంచన ఉండేవి, ఒకటి కూలితే మిగతావీ ప్రమాదంలో పడేవి. 1993 నాటి విండోస్ ఎన్‌టీ వాటిని విడదీసింది. 4 గిగాబైట్ల చిరునామాల్లో కింది సగం ప్రోగ్రాముకు, పై సగం సిస్టమ్‌కు. 32 బిట్ల లినక్స్‌లో ఆ పంపకం సాధారణంగా మూడు, ఒకటి.

సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ వాటాను ప్రతి ప్రాసెస్ చిరునామాల్లోనూ ఎందుకు ఉంచారు? వేగం కోసమే. సిస్టమ్‌ను పిలిచిన ప్రతిసారీ పేజీ టేబుల్ మార్చనక్కరలేదు. ఆ భాగాన్ని ప్రోగ్రాము చదవబోతే ప్రాసెసర్ అడ్డుకుంటుందన్న నమ్మకం మీద ఆ ఏర్పాటు ఏళ్ల తరబడి సాగింది. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. అనుమతి లేదని తేల్చేలోపే చాలా ఇంటెల్ ప్రాసెసర్లు ఆ విలువను తెచ్చి, దానితో తర్వాతి పని ముందుగానే మొదలుపెట్టేవి. ఫలితాన్ని పారేసినా ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగవంతమైన మెమరీ అయిన క్యాష్‌లో జాడ మిగిలేది, సమయం కొలిచి దాన్ని పట్టుకోవచ్చు. దాంతో కెర్నెల్‌కు వేరే పేజీ టేబుల్ పెట్టి విడగొట్టారు. సిస్టమ్‌ను తరచూ పిలిచే ప్రోగ్రాములు ఆ మేరకు నెమ్మదించాయి.

ఇక ఆ 5, 7ల సంగతి. ఫోర్క్ అయిన క్షణంలో తల్లీ పిల్లా ర్యామ్‌లో ఒకే పేజీ మీద ఉంటాయి, ఆస్తి పంచుకోని ఉమ్మడి కుటుంబంలా. పిల్ల 7 రాయబోయినప్పుడే కెర్నెల్ కలగజేసుకుని ఆ ఒక్క పేజీకి నకలు తీస్తుంది. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ దాని మెమరీలో ఉమ్మడి ఎంతో సొంతం ఎంతో చూపే స్మ్యాప్స్ అనే ఫైలు ఉంటుంది. రాతకు ముందోసారి, తర్వాతోసారి దాన్ని తెరిపించి ఆ పేజీ ఉన్న భాగాన్ని చూడమంటాను. ఉమ్మడి లెక్కలో 4 కిలోబైట్లు, అంటే ఒక పేజీ, తగ్గి, సొంత లెక్కలో 4 పెరిగి కనిపిస్తాయి.