పైతీగా, మూడో పట్టా: మెట్రో కరెంటు ఎటునుంచి వస్తుంది?

బల్లార్షా, చాందా, రాజురా నుంచి ఆసుపత్రి పనికో చదువుకో నాగపూర్ వెళ్లే తెలుగువాళ్లకు అక్కడి మెట్రో ఇప్పుడు కొత్త కాదు. బల్లార్షా ప్లాట్‌ఫారం మీద తలెత్తితే కనిపించే తీగలోనూ, నాగపూర్ మెట్రో పైతీగలోనూ ఉండేది 25 వేల వోల్టుల ఏసీనే (దిశ మారుతూ పారే కరెంటు). కోల్‌కతాలోనో బెంగళూరులోనో మెట్రో ఎక్కితే ఆ తీగ కనపడదు. అక్కడ పట్టాల పక్కన నేలబారుగా మూడో పట్టా ఉంటుంది, అందులో 750 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు).

లండన్‌లో 1863లో నేల కింద నడిచింది ఆవిరి బండి. 1890లో అక్కడే లోతు సొరంగంలోకి కరెంటు బండి వచ్చింది. పైతీగ లేకపోతే సొరంగం ఎత్తు తగ్గుతుంది, తవ్వకం ఖర్చూ తగ్గుతుంది. అలా మూడో పట్టా పాతుకుపోయింది.

ఆ తొలినాళ్ల పెద్ద దెబ్బ పారిస్ మెట్రోలో తగిలింది. 1903 ఆగస్టు 10న షార్ట్ సర్క్యూట్‌తో చెక్కపెట్టెల బండి అంటుకుంది. దాని వెనకే వచ్చిన మరో బండిలోని జనాన్ని కురోన్ స్టేషన్‌లో దిగి వెళ్లిపొమ్మన్నారు. కొందరు టికెట్ డబ్బులు వెనక్కివ్వమని అక్కడే నిలబడ్డారు. ఇంతలో పొగ కమ్మింది, దీపాలు ఆరిపోయాయి. బండికీ స్టేషన్ దీపాలకూ కరెంటు ఒకే లైను నుంచి వచ్చేది మరి. చీకట్లో చాలామంది మెట్లవైపు కాకుండా, దారిలేని కొసవైపు పరుగెత్తారు. మొత్తం 84 మంది చనిపోయారు. దీపాల లైనును విడదీసిందీ, బయటికి దారి చూపే వెలుగు బోర్డులు పెట్టిందీ ఆ తర్వాతే.

మన దగ్గర రైల్వే 1957లోనే 25 వేల వోల్టుల ఏసీని ఎంచుకుంది. అయినా 1984 అక్టోబరు 24న మొదలైన కోల్‌కతా మెట్రో మూడో పట్టాతో వచ్చింది. 2002లో ఢిల్లీ మెట్రో మాత్రం రైల్వేలాగే ఏసీ పైతీగ దారి పట్టింది. హైదరాబాద్ (2017), నాగపూర్ (2019) అదే బాట. కారణం లెక్కలోనే ఉంది. 25 వేలను 750తో భాగిస్తే 33. అదే శక్తికి మూడో పట్టాలో దాదాపు 33 రెట్ల ఆంపియర్లు పారాలి. అందుకు బరువైన పట్టా కావాలి, ఒకటి రెండు కిలోమీటర్లకో సబ్‌స్టేషన్ కావాలి. పైగా డీసీ కొంత నేలలోకి జారి నీటి గొట్టాలను, కాంక్రీటులోని ఊచలను తినేస్తుంది.

పైతీగకు దాని ప్రమాదం దానిది. ముట్టుకోకపోయినా దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. రెండు మీటర్ల లోపలికి మనిషిగానీ ఇనుప కడ్డీగానీ పోకూడదు. సంక్రాంతికి నాగపూర్ మిద్దెల మీద గాలిపటాలు ఎగరేసే పిల్లలకు ఇది తప్పక చెప్పండి: తడిసిన దారం, లోహపు పొడి పూసిన మాంజా రెండూ కరెంటును చేతిదాకా తెస్తాయి.

ఫోను పట్టాల మీద పడితే దిగొద్దు, సిబ్బందికి చెప్పండి. మనిషే పడితే ప్లాట్‌ఫారం మీది ఎమర్జెన్సీ స్టాప్ బటన్ నొక్కండి. బండి ఆగినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు. స్విచ్ ఆపాక కూడా పక్క లైను తీగ ప్రభావంతో ఆపిన తీగలో వోల్టేజీ పుడుతుంది. అందుకే పనివాళ్లు పనిచోటుకు రెండు వైపులా ఎర్తింగ్ రాడ్ (తీగలోని కరెంటును పట్టాలోకి, నేలలోకి పంపే కడ్డీ) తగిలిస్తారు. ముందు పట్టాకు బిగించి, తర్వాతే తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ, తర్వాత పట్టా.