మూడో రోజు మొదలయ్యే ప్రమాదం

బిడ్డ పుట్టగానే గట్టిగా ఏడుస్తుంది, పాలు తాగుతుంది, చూసినవాళ్లకు ఏ తేడా కనిపించదు. రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి డీలా పడిపోతుంది. గుండెలో తీవ్రమైన లోపంతో పుట్టిన కొందరు పిల్లల్లో ఇలా జరగడానికి కారణం ఒక చిన్న రక్తనాళం.

తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులు శ్వాస పని చేయవు. అందుకని అటు వెళ్లాల్సిన రక్తంలో చాలా భాగాన్ని డక్టస్ ఆర్టీరియోసస్ అనే ఈ నాళం బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలోకి మళ్లిస్తుంది. పుట్టాక దాని అవసరం ఉండదు, మామూలుగా 3 రోజుల్లోపే మూసుకుపోతుంది. కానీ గుండె ఎడమ భాగం ఎదగకుండా పుట్టిన బిడ్డకు ఒంటికి రక్తం అందేది ఆ దారినే. అది మూసుకుంటే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఒళ్లు నీలంగా మారితే తెలిసిపోతుందిలే అనుకోవద్దు. రక్తంలో ఆక్సిజన్ 85 శాతానికి పడిపోయినా కంటికి తెలియకపోవచ్చు. చామనఛాయ పిల్లల్లో మరీ కష్టం. పల్స్ ఆక్సీమీటర్ పరీక్షకు అంత విలువ అందుకే. పుట్టిన 24 గంటలకు కుడి చేతికి, ఏదో ఒక పాదానికి పెట్టి చూస్తారు. కుడి చేతికి రక్తం ఆ నాళం కలిసే చోటుకు ముందే చీలిపోతుంది, పాదానికి ఆ తర్వాత వెళ్తుంది. రెండు చోట్లా 95 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండి, తేడా 3 దాటకపోతే సరే. 90 కన్నా తగ్గితే వెంటనే పరీక్షలు మొదలుపెట్టాలి. నొప్పి లేని, నిమిషాల్లో అయిపోయే ఈ పరీక్ష ప్రతి బిడ్డకూ జరగాలి.

అయినా బృహద్ధమని ఇరుకైన పిల్లలు కొందరు ఇందులో దొరకరు. గజ్జల్లో నాడి పట్టి చూడటం మానకూడదు. పాలు తాగుతూ ఆయాసంతో ఆగిపోవడం, చెమటలు పట్టడం, డొక్కలు ఎగరేయడం, కాళ్లు చల్లబడటం కనిపిస్తే తల్లిదండ్రులు తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

అక్కడ ముందుగా కావాల్సింది ప్రోస్టాగ్లాండిన్ ఇ1 అనే మందు. సన్నటి ధారగా నరంలోకి ఎక్కిస్తే మూసుకుంటున్న నాళం మళ్లీ తెరుచుకుంటుంది. 1970ల మధ్యలో ఇది వాడకంలోకి రాకముందు, ఆపరేషన్ దాకా ఇలాంటి పిల్లల్ని నిలబెట్టడమే గగనంగా ఉండేది. ఈ మందుతో ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కాబట్టి పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి. లక్షణాలు బలంగా ఉన్నప్పుడు ఎకో (గుండె స్కాన్) రిపోర్టు వచ్చేదాకా మందు మొదలుపెట్టకుండా ఆగడం సరికాదు. పెద్ద ఆస్పత్రికి పంపేటప్పుడు అంబులెన్స్‌లోనూ ఆ ధార ఆగకూడదు.